మాడ్యులర్ ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు పునాది సంగతి తేల్చుకోండి

‘శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి లారీ బయల్దేరుతుంది. శనివారం క్రేన్‌తో దించేస్తాం. ఆదివారం పాలు పొంగించుకోండి’. మాడ్యులర్ ఇళ్లు, కంటైనర్ ఇళ్లు అమ్మేవారి నోట తరచూ వినిపించే మాట ఇది. ఇల్లు నిజంగానే అంత వేగంగా రావొచ్చు. కానీ అది కూర్చునే పునాది మాత్రం ఫ్యాక్టరీలో తయారు కాదు. మీ స్థలంలో, మీ నేల స్వభావాన్ని బట్టి వేయించుకోవాల్సిందే.

చాలా కొటేషన్లలో ‘సివిల్ వర్క్ కస్టమర్ బాధ్యత’ అని ఒక్క ముక్క ఉంటుంది. దాన్ని పెద్దగా పట్టించుకోకుండా నాలుగు సిమెంటు దిమ్మెలు పోయించి ఇల్లు దించుకునేవారు ఉన్నారు. ఏడాది తిరిగేసరికి తలుపులు పట్టేయడం, ప్యానెళ్ల జాయింట్ల దగ్గర సందులు రావడం, వాన నీరు లోపలికి కారడం మొదలవుతాయి. కంపెనీని అడిగితే ‘పునాది మాది కాదు కదా’ అంటుంది. అందుకే ఇంటి డిజైన్ కంటే ముందు పునాది సంగతి చూసుకోవాలి.

తేలికైన ఇంటికి గట్టి పునాది ఎందుకు?

‘ఇది ఇటుకల ఇల్లు కాదు, తేలికే కదా. పెద్ద పునాది ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క చూద్దాం.

20 అడుగుల కంటైనర్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 2.3 టన్నులు ఉంటుంది. లోపలి ప్యానెళ్లు, ఫ్లోరింగ్, బాత్రూమ్ కలిపి మరో 2 టన్నులు అనుకుందాం. మనుషులు, సామాన్ల కోసం భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు 200 కిలోలు లెక్కగడతారు. సుమారు 15 చదరపు మీటర్లకు అది 3 టన్నులు. అంటే మొత్తం 7 టన్నుల పైచిలుకు. నాలుగు మూలలకు పంచితే ఒక్కో మూలకు 2 టన్నుల లోపే. రెండున్నర అడుగుల చదరపు ఫుటింగ్ వేస్తే గట్టి మొరం నేల ఇంతకు ఎన్నో రెట్ల బరువు సునాయాసంగా మోస్తుంది.

అంటే సమస్య బరువు కాదు. ఇల్లు తేలికగా ఉండటమే అసలు సమస్య. నేల ఉబ్బితే తేలికైన ఇంటిని ఇట్టే పైకి ఎత్తేస్తుంది. గాలి బలంగా వీస్తే పక్కకు జరుపుతుంది. వరద వస్తే నీరు తేల్చేస్తుంది. ఇటుక, కాంక్రీటు ఇల్లు తన బరువుతోనే వీటిని చాలావరకు తట్టుకుంటుంది. మాడ్యులర్ ఇంటికి ఆ బరువు లేదు. దానికి పునాది మోయడానికే కాదు, పట్టి ఉంచడానికి కూడా కావాలి. ఈ ఒక్క విషయం అర్థమైతే ఎలాంటి పునాది ఎంచుకోవాలో సగం తేలిపోయినట్టే.

ముందుగా మీ నేల ఏదో తెలుసుకోండి

తెలుగు రాష్ట్రాల్లో పది కిలోమీటర్లు వెళ్తే నేల మారిపోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందకు వెళ్తే గ్రానైట్ రాయి తగులుతాయి. చేవెళ్ల, జహీరాబాద్ వైపు వెళ్తే నల్లరేగడి భూములు కనిపిస్తాయి. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు ప్రాంతాల్లోనూ నల్లరేగడి విస్తారంగా ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాలో ఒండ్రు బంకమట్టి, భూమికి దగ్గర్లోనే నీరు. సముద్ర తీరం వెంబడి ఇసుక నేలలు. వీటన్నింటికీ ఒకే డ్రాయింగ్ పనికిరాదు.

నల్లరేగడిని గుర్తించడం కష్టం కాదు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు బారుతుంది. వానాకాలంలో చెప్పులకు అంటుకుని వదలదు. అయితే కంటితో చూసి నిర్ణయించొద్దు. పైన రెండడుగులు ఎర్రమట్టి పోసి చదును చేసి, కింద నల్లరేగడి ఉన్న ప్లాట్లు కూడా అమ్మకానికి వస్తాయి. ఇల్లు వచ్చేచోట కనీసం రెండు గోతులు మనిషి లోతు వరకు తవ్వించి చూడండి. పక్క పొలాల వారిని రెండు ప్రశ్నలు అడగండి: వానాకాలంలో బావిలో నీళ్లు ఎంత పైకి వస్తాయి? ఈ స్థలంలో ఎప్పుడైనా నీళ్లు నిలిచాయా?

భూసార పరీక్ష కార్డు సరిపోతుందా?

సరిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే. వ్యవసాయ శాఖ ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక వంటి 12 అంశాలు ఉంటాయి. అవి పంట కోసం. నేల ఎంత బరువు మోస్తుంది, తడిస్తే ఎంత ఉబ్బుతుంది అనేది అందులో ఉండదు.

మీకు కావాల్సింది జియోటెక్నికల్ పరీక్ష. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లు దీన్ని చేస్తాయి. ఏ ల్యాబ్‌కు ఏ పరీక్షలో గుర్తింపు ఉందో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లోనే వెతుక్కోవచ్చు. సివిల్ విభాగం ఉన్న ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలను కూడా అడగొచ్చు. ఫీజు కట్టించుకుని బయటివారికి పరీక్షలు చేసిపెట్టేవి వాటిలో ఉన్నాయి.

రిపోర్టులో ఈ నాలుగు ఉండాలని ముందే అడగండి:

1. నేల సురక్షితంగా మోయగల బరువు, అది ఎంత లోతులో అన్నది.
2. ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే మట్టి తడిస్తే ఎంత శాతం ఉబ్బుతుందో చెప్పే లెక్క. ఇది 50 శాతం దాటితే మామూలు పునాదితో సాహసం చేయొద్దు.
3. భూగర్భ జల మట్టం. ఎండాకాలంలో కొలిస్తే వానాకాలంలో ఎంత పెరుగుతుందన్న అంచనా కూడా ఉండాలి.
4. ఏ రకం పునాది వేయాలన్న ఇంజినీర్ సిఫార్సు, సంతకంతో.

ఏ నేలకు ఏ పునాది?

మొరం, గట్టి ఎర్రనేల: విడి ఫుటింగ్‌ల మీద పెడస్టళ్లు సరిపోతాయి. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. నేల మట్టం నుంచి కనీసం 50 సెంటీమీటర్ల లోతుకు వెళ్లాలని ఐఎస్ 1904 చెబుతోంది. పైన ఉండే వదులు మట్టి పూర్తిగా దాటి గట్టి మొరం తగిలేవరకు తవ్వడం మేలు. అన్ని ఫుటింగ్‌లూ ఒకే రకమైన నేల మీద ఉండాలి. మూడు మొరంలో, ఒకటి పూడ్చిన మట్టిలో పడితే ఆ ఒక్కటే కుంగి ఇంటిని మెలిపెడుతుంది.

నల్లరేగడి: ఇక్కడ అండర్ రీమ్డ్ పైల్స్ నమ్మకమైన దారి. కాంక్రీటు స్తంభం అడుగున ముల్లంగి దుంపలా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు కింది స్థిరమైన నేలలో లంగరులా పట్టుకుంటుంది. పైపొర ఎంత ఉబ్బినా, కుంగినా ఇల్లు కదలదు. నల్లరేగడి లోతుగా ఉన్నచోట ఈ పైల్స్ కనీసం 3.5 మీటర్ల లోతు ఉండాలి. పైల్స్‌ను కలిపే బీమ్ నేలను తాకకూడదు. కింద కనీసం 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. లేదంటే ఉబ్బిన మట్టి బీమ్‌నే పైకి తోస్తుంది. మేస్త్రీలు అలవాటుగా ఆ ఖాళీని మట్టితో కప్పేస్తుంటారు. పక్కనే ఉండి చూసుకోండి.

నల్లరేగడి పొర పలుచగా ఉంటే దాన్ని పూర్తిగా తీసేసి, మొరం పోసి, పొరలు పొరలుగా నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కించి, దానిపై పునాది వేయొచ్చు. మొరం బదులు ఇసుక నింపొద్దు. వాన నీరు ఇసుకలోకి దిగి అక్కడే నిలిచి చుట్టూ ఉన్న నల్లమట్టిని మరింత ఉబ్బేలా చేస్తుంది.

డెల్టా బంకమట్టి, పూడ్చిన స్థలాలు: ఇంటి అడుగంతా పరిచే రాఫ్ట్ పునాది ఇక్కడ ఉపయోగం. బరువును మొత్తం విస్తీర్ణం మీద పంచుతుంది. నేల కొద్దిగా కుంగినా ఇల్లంతా కలిసే కుంగుతుంది కాబట్టి ప్యానెళ్లు విడిపోవు. అయితే కొత్తగా పూడ్చిన చెరువు మట్టి, భవన వ్యర్థాల మీద రాఫ్ట్ కూడా నిలవదు. అలాంటిచోట ఇంజినీర్ పైల్స్ సూచించవచ్చు.

తీరప్రాంత ఇసుక: ఇసుక బరువు బాగానే మోస్తుంది. కానీ వాన నీటి ప్రవాహానికి ఫుటింగ్ కింది నుంచి కోసుకుపోతుంది. కాస్త లోతుగా వెళ్లి, అన్ని ఫుటింగ్‌లనూ బీమ్‌తో కలపాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి బోల్టులు, బేస్ ప్లేట్లు గాల్వనైజ్డ్‌వే వాడాలి.

ఇంటి రకాన్ని బట్టి కూడా పునాది మారుతుంది

కంటైనర్ ఇల్లు: బరువంతా నాలుగు మూలల్లో ఉండే ఉక్కు దిమ్మెల మీద పడుతుంది. పెడస్టళ్లు సరిగ్గా వాటి కిందే రావాలి. కిటికీలు, పెద్ద గ్లాస్ తలుపుల కోసం పక్క గోడలు కోసేస్తే కంటైనర్ బలం తగ్గుతుంది. అప్పుడు మధ్యలోనూ ఆధారాలు కావాలి. 40 అడుగుల వాటికి ఇది మరీ ముఖ్యం.

ఎల్‌జీఎస్‌ఎఫ్ ఇల్లు: అంటే సన్నటి ఉక్కు చట్రాలతో కట్టేది. ఇందులో బరువు గోడల పొడవునా పడుతుంది. విడి పెడస్టళ్లు మాత్రమే చాలవు. ప్లింత్ బీమ్ గానీ రాఫ్ట్ గానీ ఉండాలి.

పఫ్ ప్యానెల్ క్యాబిన్: అడుగున ఇనుప చట్రం ఉంటుంది. ఆ చట్రంలో ఏ బీమ్‌ల మీద బరువు పడుతుందో కంపెనీ డ్రాయింగ్‌లో చూపించాలి. వాటి కిందే ఆధారాలు వేయాలి.

ప్రీకాస్ట్ కాంక్రీటు మాడ్యూళ్లు: ఇవి తేలిక కాదు. పైన చెప్పిన లెక్క వీటికి వర్తించదు. మామూలు కాంక్రీటు ఇంటికి చేసినట్టే పూర్తి డిజైన్ చేయించాలి.

గాలికి ఎగిరిపోకుండా ఏం చేయాలి?

ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్ కోసం తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుల్లో 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో గాలి వీస్తే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 20 అడుగుల కంటైనర్ పొడవాటి గోడ మీద అది రెండు టన్నులు దాటుతుంది. ఖాళీ కంటైనర్ బరువు కూడా అంతే అని గుర్తుంచుకోండి. ప్రాంతాన్ని బట్టి ఇంజినీర్లు ఈ లెక్కను సవరిస్తారు. కానీ ‘బరువుకి అదే కూర్చుంటుంది’ అన్న మాట నమ్మకూడదని చెప్పడానికి ఇది చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకుల కప్పులకు ఏమైందో చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ప్రతి పెడస్టల్‌లోనూ కాంక్రీటు పోసేటప్పుడే యాంకర్ బోల్టులు అమర్చాలి. వాటిపై బేస్ ప్లేటు, దానికి ఇంటి చట్రాన్ని బోల్టులతో బిగించడమో వెల్డింగ్ చేయడమో జరగాలి. కాంక్రీటు గట్టిపడ్డాక డ్రిల్ చేసి పెట్టే బోల్టులు అదే పని చేస్తాయో లేదో ఇంజినీర్ చెప్పాలి, మేస్త్రీ కాదు. ఫుటింగ్ కూడా ఇంటిని కిందకు పట్టి ఉంచేంత బరువుగా ఉండాలి.

వరద నీరు వస్తే?

పైన చెప్పిన ఇల్లే తీసుకుందాం. సామాన్లు లేకుండా 4 టన్నుల పైన ఉంటుంది. నీరు లోపలికి రాకుండా బిగుతుగా ఉందనుకుంటే, దాని అడుగు భాగం పైన ఒక అడుగు నీరు చేరేసరికి అది తేలడం మొదలవుతుంది. లోపలికి నీరు వస్తే తేలదు గానీ, ఫ్లోరింగ్, ఇన్సులేషన్ పాడైపోతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. లోతట్టు ప్రాంతమైతే పెడస్టళ్లను గతంలో వచ్చిన వరద మట్టం కంటే ఎత్తుగా కట్టి, బోల్టులతో బిగించాలి. మామూలు చోట్ల కూడా చుట్టూ ఉన్న నేల కంటే బేస్‌మట్టం కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. ఇంటి కింద నీరు నిలవకుండా వాలు పెట్టండి. కప్పు మీది వాన నీటిని పైపుతో దూరంగా పంపండి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత పునాది పక్కనే తవ్వొద్దు. నల్లరేగడిలో అయితే అసలే వద్దు.

‘ఇది టెంపరరీ, పర్మిషన్ అక్కర్లేదు’ నిజమేనా?

కాదు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం-1955లోని ‘భవనం’ నిర్వచనంలో ఇటుక, కలపతో పాటు లోహంతో చేసిన నిర్మాణాలు కూడా ఉన్నాయి. క్రేన్‌తో దించారు కాబట్టి అది ఇల్లు కాకుండా పోదు.

తెలంగాణ పట్టణ ప్రాంతాల్లో 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు ప్లాట్లకు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చాలు. 600 చదరపు గజాల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. గ్రామాల్లో పంచాయతీ కార్యాలయంలో అడగాలి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పట్టణ ప్రణాళిక విభాగం ఆన్‌లైన్ విధానంలో దరఖాస్తు చేయాలి.

వ్యవసాయ భూమిలో పెట్టాలనుకుంటే భూమి మార్పిడి నిబంధనలు ముందే చూసుకోండి. తెలంగాణలో దీనికి భూ భారతి పోర్టల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే తాజా నిబంధనలను తహసీల్దార్ లేదా స్థానిక ప్రణాళికా కార్యాలయంలో నిర్ధారించుకోండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ లేదా బఫర్ జోన్‌లోకి వస్తుందేమో కూడా చూడాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కలైతే 1996 నాటి జీవో 111లోని 84 గ్రామాల్లో మీ ఊరు ఉందేమో తెలుసుకోండి. పునాది వేశాక ఈ విషయం తెలిస్తే ఇంటిని తరలించవచ్చేమో గానీ, పునాదిని తరలించలేరు.

పని జరిగేటప్పుడు ఏం గమనించాలి?

- కాంక్రీటు కనీసం ఎం20 గ్రేడ్ ఉండాలి. ఫుటింగ్‌లో ఇనుప చువ్వల చుట్టూ 5 సెంటీమీటర్ల కవర్ ఉందో లేదో పోసే ముందే చూడండి.
- మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. కాంక్రీటు పూర్తి బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. లారీ తేదీ దీన్ని బట్టే ఖరారు చేయండి. ‘నాలుగు రోజుల్లో దించేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు.
- పెడస్టళ్ల పైభాగం అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో నీళ్ల ట్యూబుతో లేదా లేజర్ లెవల్‌తో చూపించమనండి. మూలల మధ్య ఐమూలగా కొలతలు సమానంగా రావాలి. ఇల్లు దించాక తేడా వస్తే సరిచేయడం ఖరీదైన పని.
- నీటి పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుల్ ఎక్కడ నుంచి వస్తాయో పునాదికి ముందే గుర్తించండి.
- ఉక్కు ఇంటికి ఎర్తింగ్ తప్పనిసరి. పునాది పనితో పాటే ఎర్త్ పిట్లు వేయించి, చట్రానికి కలిపించండి.
- చెదల మందు పునాది దశలోనే కొట్టించాలి.
- ట్రెయిలర్, క్రేన్ వచ్చే దారి వెడల్పు చూడండి. పైన కరెంటు తీగలు ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థకు ముందే రాసి, లైన్ ఆపించాకే క్రేన్ ఎత్తనివ్వండి.

ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

పునాది ఎవరు వేసినా, దాని డ్రాయింగ్ మాత్రం ఇల్లు అమ్మే కంపెనీ నుంచి రావాలి. ఏ బిందువు మీద ఎంత బరువు, ఎంత గాలి ఒత్తిడి పడుతుందో అందులో ఉండాలి. ఆ డ్రాయింగ్‌ను, మీ నేల రిపోర్టును కలిపి ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్ పునాదిని డిజైన్ చేయాలి. పునాది పూర్తయ్యాక కంపెనీ ప్రతినిధి వచ్చి చూసి ‘సరిగా ఉంది’ అని రాసి సంతకం చేయాలన్న షరతు పెట్టండి. రేపు సమస్య వస్తే ‘మాది కాదు’ అనే వీలు ఉండదు. కొత్త టెక్నాలజీ ఇల్లు అయితే కేంద్ర సంస్థ బీఎంటీపీసీ ఇచ్చే పీఏసీఎస్ ధ్రువపత్రం ఉందేమో అడగండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదుకు ఈ కాగితాలే ఆధారం.

ఇప్పటికే రాళ్ల మీద, ఇటుకల మీద పెట్టేశాం. ఇప్పుడెలా?

కంగారు పడక్కర్లేదు. మాడ్యులర్ ఇంటికి ఉన్న పెద్ద సౌలభ్యం ఇదే. దాన్ని మళ్లీ ఎత్తొచ్చు. అనుభవం ఉన్నవారితో హైడ్రాలిక్ జాకీలు పెట్టించి లేదా క్రేన్‌తో కొద్దిసేపు పక్కన దించి, సరైన పునాది వేయించి, తిరిగి కూర్చోబెట్టి బిగించొచ్చు. సొంతంగా జాకీలు పెట్టి ప్రయత్నించొద్దు, ప్రాణాపాయం. ఎత్తే ముందు కరెంటు, నీటి కనెక్షన్లు తీయించాలి. తలుపులు పట్టేయడం, నేల వాలడం, ఇంటి కింద నీరు నిలవడం కనిపిస్తే వచ్చే వానాకాలం దాకా ఆగొద్దు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పునాదికి బిగించని ఇంట్లో ఉండకుండా పక్కా భవనంలోకి వెళ్లిపోండి.

ఇల్లు ఎంచుకోవడానికి నెలల తరబడి కేటలాగులు చూస్తాం. అందులో రెండు రోజులు నేల కోసం కేటాయించండి. గొయ్యి తవ్వి, పరీక్ష చేయించి, రిపోర్టు చేతికి వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.